డయల్‌కి కిటికీ

మా ఊరి బస్టాండు ఎదురుగా, మేడ మెట్ల కింద, ఒక్క మనిషి కూర్చుంటే నిండిపోయే అద్దాల బడ్డీ ఒకటి ఉండేది. అందులో ఒక ముసలాయన కుడి కంటికి నల్ల గొట్టంలాంటి భూతద్దం బిగించుకుని, రోజంతా వంగి కూర్చునేవాడు. పిల్లలం ఆయన్ని వాచీల తాత అనేవాళ్లం. మా నాన్న హెచ్ఎంటీ జనతా వాచీ దుమ్ము పట్టి ఆగిపోతే, దాన్ని తాత దగ్గరికి పట్టుకెళ్లే పని నాకు పడింది. రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లేసరికి వాచీ బోర్లా పడుకుని ఉంది, వెనక మూత లేదు. తాత రెండు చుట్లు కీ ఇచ్చి, పట్టకారు మొనతో లోపల ఒక బంగారు రంగు చక్రాన్ని అలా తాకాడు. అంతే. చక్రం ఇటు సగం, అటు సగం ఊగడం మొదలుపెట్టింది. దాని నడుమ వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఊపిరి తీస్తున్నట్టు ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

"వాచీని నడిపించేది ఇదేనా తాతా?"

"నడిపించేది ఆ డబ్బాలో ఉంది బాబూ. ఇది ఆపేది."

ఆపేది అంటే ఏమిటో అడిగేలోపే ఆయన మూత బిగించేశాడు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే దుమ్ము పడుతుందట. ఆ చక్రం మళ్లీ కనిపించడానికి నాకు పాతికేళ్లు పట్టింది. ఈసారి మూత తియ్యాల్సిన పని కూడా లేకపోయింది. డయల్ మీదే, తొమ్మిది అంకె ఉండాల్సిన చోట శనగగింజంత గుండ్రటి కిటికీ, కిటికీ వెనక అదే ఊగులాట.

ఇలాంటి వాచీల్ని షాపుల్లో ఓపెన్ హార్ట్ అంటారు. మొత్తం డయల్‌నే తీసేసి, లోపలి పలకల్ని కూడా రంపంతో కోసి, చక్రాలన్నీ ఇవతలి నుంచి అవతలికి కనిపించేలా చేస్తే అది స్కెలిటన్, అస్థిపంజరం వాచీ. ఒకరు గుండె అన్నారు, ఇంకొకరు ఎముకల గూడు అన్నారు. ఏ పేరు పెట్టినా, ఆ కిటికీలోంచి మనకు కనిపిస్తున్నది ఏమిటన్నదే ఈ అధ్యాయం సంగతి. తాత మాట సగంలో ఆగిపోయింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

తిరునాళ్లలో అమ్మే కీ ఇచ్చే కారు బొమ్మ గుర్తుందా? పది చుట్లు తిప్పి నేల మీద వదిలితే జుయ్యిమని పోయి గోడకు కొట్టుకుంటుంది. అర నిమిషంలో స్ప్రింగు మొత్తం విడిపోతుంది. చేతి వాచీలో ఉన్నదీ అలాంటి స్ప్రింగే. చుట్ట విప్పితే ముప్పై, నలభై సెంటీమీటర్ల పొడవుండే సన్నని ఉక్కు పట్టీ. దాన్ని చిన్న డబ్బాలో చుట్టి పెడతారు, ఆ డబ్బాను బ్యారెల్ అంటారు. కారు బొమ్మలో అర నిమిషంలో ఖర్చయిపోయే బలం వాచీలో 40 గంటలు వస్తుంది. స్ప్రింగు తొందర ఒకటే, తేడా అంతా దాన్ని పట్టి ఆపేవాడిలో ఉంది. వదిలేస్తే పరిగెత్తిపోయే బలాన్ని సెకనుకు ఐదారు సార్లు ఆపి, ఒక్కో మెతుకు చొప్పున వదిలే ఏర్పాటు కావాలి. చేతి గడియారం కనిపెట్టడమంటే నిజానికి ఈ ఆపే ఏర్పాటును కనిపెట్టడమే.

మన పాత గడియారంలో ఈ సమస్య లేదు. గడియారం అన్న మాటలో ఉన్న గడియ 24 నిమిషాలు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో తేలవేస్తే అది మెల్లగా నిండి మునుగుతుంది. మునిగితే ఒక గడియ. పక్కన కూర్చున్న మనిషి దాన్ని తీసి, నీళ్లు పారబోసి, గంట కొట్టి, మళ్లీ తేలవేస్తాడు. అక్కడ యంత్రమంతా కళ్ల ముందే ఉంది, దాచిందేమీ లేదు. కానీ లెక్కపెట్టేది మాత్రం మనిషి. నీరు ధారగా వస్తుంది, ధారను ముక్కలు చెయ్యడం దానికి రాదు. ఆ పని గిన్నె దగ్గర కూర్చున్నవాడిది. వాడు కునుకు తీస్తే ముహూర్తం పోయినట్టే.

ఇక్కడ ఒక చిన్న తమాషా. సూర్యసిద్ధాంతం ప్రకారం రోజుకు 60 గడియలు, గడియకు 60 విఘడియలు, విఘడియకు 6 ప్రాణాలు. గుణిస్తే రోజుకు 21,600 ప్రాణాలు. అంటే ఒక్కో ప్రాణం 4 సెకన్లు, ఇంచుమించు ఒక ఊపిరి. ఇప్పటి ఓపెన్ హార్ట్ వాచీ చాలావాటి వివరాల్లో కూడా 21,600 అన్న అంకె కనిపిస్తుంది. కాకపోతే అది గంటకు ఆ చక్రం చేసే టిక్కుల లెక్క, సెకనుకు 6. రెండు అంకెలూ కలవడం కాకతాళీయమే. అయితే మరీ గాలిలోంచి ఊడిపడ్డ కాకతాళీయం కూడా కాదు, రెండు చోట్లా గుణించుకుంటూ పోయింది ఆరునీ అరవైనే. మనిషి రోజంతా తీసే ఊపిరిని వాచీ గంటలో తీసేస్తుంది.

కిటికీలో ఊగే ఆ చక్రం పేరు బ్యాలెన్స్. దాని నడుమ ఉన్న స్ప్రింగు హెయిర్‌స్ప్రింగు. చక్రాన్ని ఒక పక్కకు తిప్పితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. వెనక్కి వచ్చిన చక్రం ఆ విసురుతో నడిమి చోటు దాటి అటు పక్కకు పోతుంది, స్ప్రింగు మళ్లీ లాగుతుంది. ఉయ్యాల ఊగేదీ ఇలాగే. ఉయ్యాలను భూమి లాగుతుంది, దీన్ని స్ప్రింగు లాగుతుంది. అందుకే లోలకం గడియారాన్ని గోడకు కొట్టాలి, దీన్ని చేతికి కట్టుకుని తలకిందులుగా వేలాడొచ్చు. ఇంకో సుగుణం ఉంది. ఎంత దూరం తిప్పితే స్ప్రింగు అంత గట్టిగా లాగుతుంది కాబట్టి, పెద్ద ఊపుకీ చిన్న ఊపుకీ పట్టే సమయం దాదాపు ఒకటే. దూరం ఎక్కువైతే వేగమూ ఎక్కువవుతుంది. ఒక ఊపుకు ఎంత సమయమో నిర్ణయించేవి రెండే: చక్రం అంచున ఎంత బరువుంది, స్ప్రింగు ఎంత బిర్రుగా ఉంది. కీ నిండుగా ఇచ్చామా, అడుగంటిందా అన్నది పెద్దగా లెక్కలోకి రాదు.

1675లో డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ ఈ చుట్ట స్ప్రింగును వాచీలో పెట్టించాడు. ఆ ఆలోచన ముందు నాదేనని లండన్‌లో రాబర్ట్ హుక్ తగువు పెట్టుకున్నాడు. ఎవరిదైనా, వాచీల్లో నిమిషాల ముల్లు మామూలైంది ఆ తర్వాతే. అంతకుముందు ఉన్న తప్పుల్లో నిమిషాలు చూపించినా ఉపయోగం ఉండేది కాదు.

అయితే ఊగేదాన్ని ఊగనిస్తే చాలదు. గాలికీ రాపిడికీ ఊపు తగ్గిపోతుంది కాబట్టి ప్రతిసారీ కొంచెం నెట్టాలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కా పెట్టాలి. ఈ రెండు పనులూ చేసేది లంగరు ఆకారంలో ఉండే చిన్న తునక, ప్యాలెట్. దాని రెండు చేతుల చివర రెండు ఎర్రటి రాళ్లు. వాటికి ఎదురుగా, వంకర కొక్కేల్లాంటి పళ్లున్న ఎస్కేప్ చక్రం. స్ప్రింగు బలమంతా గేర్ల మీదుగా వచ్చి ఈ చక్రాన్ని తోస్తూ ఉంటుంది. కానీ దాని పన్ను ఒకటి ప్యాలెట్ రాయికి ఆనుకుని కదలకుండా ఉంటుంది. బ్యాలెన్స్ ఊగుతూ నడిమి చోటుకు వచ్చినప్పుడు ప్యాలెట్‌ను ఒక్కసారి పక్కకు నెడుతుంది. రాయి తప్పుకుంటుంది, పన్ను విడిపోతుంది. పోతూ పోతూ ఆ పన్ను ప్యాలెట్ ద్వారా బ్యాలెన్స్‌కు ఒక చిన్న తోపు ఇచ్చిపోతుంది. మరుక్షణం రెండో చేతి రాయి ఇంకో పన్నును పట్టేస్తుంది. మనకు వినిపించే టిక్కు ఇదే. జాగ్రత్తగా రికార్డు చేసి చూస్తే ఒక్కో టిక్కులో మూడు చప్పుళ్లుంటాయి: తలుపు తట్టినట్టు ఒకటి, తోసినట్టు ఒకటి, మళ్లీ గడియ పడ్డట్టు ఒకటి.

తోపు నడిమి చోటులోనే ఎందుకు? ఉయ్యాల ఊపే పిల్లలు చివరకు వచ్చినప్పుడు నెడతారు కదా అనిపించవచ్చు. ఊపు పెంచడమే కావాలంటే అలా నెట్టినా ఫరవాలేదు. కానీ సమయం చెదరకూడదంటే ఉయ్యాల అన్నిటికంటే కిందకు, అన్నిటికంటే వేగంగా వచ్చిన క్షణంలో నెట్టాలి. అక్కడ ఇచ్చిన తోపు ఊపును పెంచుతుంది గానీ ఊపు పట్టే సమయాన్ని మార్చదు. ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 19వ శతాబ్దంలో దీన్ని లెక్కగట్టి చూపించాడు. లెక్క రాకముందే, 1750ల్లో, లండన్ గడియారాల పనివాడు థామస్ మజ్ ఈ ప్యాలెట్ పద్ధతిని తయారుచేశాడు. ఇవాళ్టికీ కోట్ల వాచీల్లో ఉన్నది దాని సంతతే.

ఇక లెక్కపెట్టే సంగతి. గంటకు 18,000 టిక్కులు చేసే వాచీలో, జనతా ఆ కోవదే, ఎస్కేప్ చక్రానికి 15 పళ్లనుకుందాం. ఒక్కో పన్నుకు రెండు టిక్కులు. కాబట్టి 30 టిక్కులకు, అంటే 6 సెకన్లకు, చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. దాని వెనక గేరును దీనికి పదింతలు నెమ్మదిగా తిరిగేలా కూర్చితే నిమిషానికి ఒక చుట్టు. దాని ఇరుసుకు ముల్లు తగిలిస్తే అది సెకన్ల ముల్లు. అక్కడి నుంచి ఎనిమిదింతలు, ఏడున్నరింతలు చొప్పున రెండు మెట్లు దిగితే అరవై ఇంతలు, నిమిషాల ముల్లు. ఇంకో పన్నెండింతలు దిగితే గంటల ముల్లు. అంతా రెండో తరగతి ఎక్కాలే. ముళ్లు సమయాన్ని కొలవడం లేదు, కిటికీలో జరుగుతున్నదాన్ని భాగహారం చేసి చెబుతున్నాయి.

బలం మాత్రం ఎదురు దిశలో వస్తుంది. బ్యారెల్ సుమారు 8 గంటలకు ఒక చుట్టు తిరిగేసరికి ఎస్కేప్ చక్రం 4,800 చుట్లు తిరగాలి. వేగం ఎన్ని రెట్లు పెరిగితే బలం అన్ని రెట్లు తగ్గుతుంది. బ్యారెల్‌లో స్ప్రింగు మూత తియ్యగానే ఎగిరి వేలు కోసేంత బలంగా ఉంటుంది. ఇటు చివర ఎస్కేప్ చక్రానికి వచ్చేసరికి దుమ్ము కణం అడ్డం పడినా ఆగిపోయేంత బలమే మిగులుతుంది. వాచీల తాత మూత బిగించడానికి ఎందుకు అంత తొందరపడ్డాడో ఇప్పుడు తెలుస్తుంది.

ఈ యంత్రాన్ని తెరిచి చూపించాలన్న బుద్ధి మొదట ఎవరికి పుట్టిందంటే, సాధారణంగా ఆంద్రే శార్ల్ కారోన్ పేరు చెబుతారు. పారిస్‌లో గడియారాల పనివాడు. 1760 ప్రాంతంలో పలకల్ని కోసి లోపలి చక్రాలు కనిపించే వాచీ చేశాడంటారు. ఆయన కంటే ఆయన కొడుకు కథ రసవత్తరంగా ఉంటుంది. పియేర్ ఓగ్యుస్తాన్ 21 ఏళ్ల వయసులో, 1753లో, తండ్రి దుకాణంలోనే కొత్త రకం ఎస్కేప్ ఏర్పాటు ఒకటి కనిపెట్టాడు. సంబరం పట్టలేక దాన్ని రాజుగారి గడియారాల పనివాడు లపోత్‌కు చూపించాడు. ఆ పెద్దమనిషి దాన్ని తన పేరుతో ప్రకటించుకున్నాడు. కుర్రవాడు ఊరుకోలేదు, పత్రికకెక్కాడు, సైన్సు అకాడమీకి ఫిర్యాదు పెట్టాడు. 1754లో అకాడమీ పరిశీలించి, ఇది కుర్రవాడిదేనని తీర్పిచ్చింది. అతనే తర్వాత బోమార్షే అన్న పేరుతో, ఫిగారో అనే గడుసు నౌకరును పాత్రగా పెట్టి నాటకాలు రాసి యూరప్‌ను ఊపేశాడు. పెద్దల గుట్టు రట్టు చేసే నౌకరు పాత్ర అతనికి ఊరికే తట్టలేదని నా అనుమానం.

పారదర్శకత మీద పిచ్చి పరాకాష్ఠకు చేరింది మరో పారిస్ పనివాడి దగ్గర. 1783లో రాణి మరీ ఆంత్వానెత్ అంగరక్షక దళానికి చెందిన ఒక అధికారి అబ్రహాం లూయీ బ్రెగే దుకాణానికి ఒక ఆర్డరు తెచ్చాడు. రాణిగారి కోసం వాచీ కావాలి, అప్పటికి తెలిసిన విద్యలన్నీ అందులో ఉండాలి, వీలైన చోటల్లా ఇతర లోహాలకు బదులు బంగారమే వాడాలి. ఖర్చుకు హద్దు లేదు, గడువూ లేదు. గడువు లేదన్న మాటే నిజమైంది. 1789లో విప్లవం వచ్చింది, 1793లో రాణి తల తెగింది, 1823లో బ్రెగే కూడా పోయాడు. 1827లో గానీ ఆ 160వ నంబరు వాచీ పూర్తికాలేదు. అందులో 823 భాగాలు. తారీఖులు, సూర్యుడి సమయానికీ గడియారం సమయానికీ తేడా, ఉష్ణోగ్రత, అడిగితే గంటలూ నిమిషాలూ మోగించి చెప్పడం, చెయ్యి కదిలితే దానంతటదే కీ ఎక్కడం, అన్నీ ఉన్నాయి. దాని డయల్ స్ఫటికంతో చేసింది. ఇంత కష్టపడి చేసినదాన్ని కప్పెట్టడానికి చేతులు రాలేదు కాబోలు.

ఆ వాచీ చివరికి జెరూసలేంలోని ఒక మ్యూజియంకు చేరింది. 1983 ఏప్రిల్‌లో ఒక రాత్రి దొంగ కిటికీలోంచి దూరి, వందకు పైగా గడియారాలతో పాటు దాన్నీ ఎత్తుకుపోయాడు. దొరికిందని లోకానికి తెలిసింది 2007లో, దొంగ చనిపోయాక. అమ్ముకోవడానికి వీలులేనంత పేరున్న వస్తువు. అన్నేళ్లూ దాని స్ఫటికం కిటికీలోకి చూసినవాళ్లు ఎందరో మనకు తెలియదు, బహుశా ఎవరూ లేరు.

స్కెలిటన్ వాచీ చెయ్యడం బంగారు పనికి దగ్గరగా ఉంటుంది. చక్రాలను రెండు వైపులా పట్టి ఉంచే ఇత్తడి పలకలున్నాయి కదా, పైవాటిని బ్రిడ్జిలంటారు. వాటిలో చిన్న బెజ్జం పెట్టి, దారంలాంటి సన్న రంపాన్ని అందులోంచి దూర్చి, అక్కర్లేని లోహమంతా కోసేస్తారు. ఆ తర్వాత ఆకురాయి. కోసిన ప్రతి అంచునూ 45 డిగ్రీల వాలుగా చెక్కి, చెక్క పుల్లతో అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. లోపలికి మొనదేలిన మూలల దగ్గర యంత్రం పప్పులుడకవు. తిరిగే పనిముట్టు ఏదైనా మూలలో గుండ్రంగానే ఆగుతుంది, కత్తిలాంటి మూల కావాలంటే చెయ్యే దిక్కు. ఖరీదైన స్కెలిటన్‌ను మామూలుదాని నుంచి వేరు చెయ్యాలంటే నేను ముందు చూసేది ఆ మూలలనే.

లోహం తీసేకొద్దీ ఇబ్బంది కూడా మొదలవుతుంది. చక్రాల ఇరుసు మొనల్లో అతి సన్నవి మిల్లీమీటరులో పదో వంతు మందాన ఉంటాయి. వాటిని పట్టుకున్న పలక రవ్వంత వంగినా రాపిడి పెరిగి టిక్కు గతి తప్పుతుంది. అందుకే ఇరుసుల చుట్టూ, మరల చుట్టూ కండ ఉంచి, మిగతాది మాత్రమే తియ్యాలి. మనిషి ఎముకల గూడు కూడా బరువు మోసే దారుల వెంటే కదా ఉండేది. అందుకే స్కెలిటన్ పనికి పెద్ద మిషను ఉన్న వాచీలను ఏరుకుంటారు. 1950లో జేబు గడియారాల కోసం వచ్చిన యూనిటాస్ 6497 అనే స్విస్ మిషను ఇందుకు అందరి ముద్దుబిడ్డ. 36.6 మిల్లీమీటర్ల వెడల్పు, కావలసినంత కండ.

కిటికీలో కనిపించే రంగుల గురించి రెండు మాటలు. ఎర్ర చుక్కలు రాళ్లు. 17 జువెల్స్ అని డయల్ మీద రాసి ఉంటే అందులో 17 కెంపులున్నాయని మా పెద్దవాళ్ల నమ్మకం, రిపేరుకిస్తే వాటిని మార్చేస్తారని భయం. ఉన్నవి కెంపులే, అబద్ధం లేదు. కాకపోతే ఫ్రెంచి రసాయనవేత్త ఓగ్యుస్త్ వెర్నయ్ 1902లో ప్రకటించిన పద్ధతిలో, అల్యూమినా పొడిని మంటలో కరిగించి పోసిన కెంపులు. గుప్పెడు కొన్నా పెద్ద ఖరీదు కాదు. ఉక్కు ఇరుసు ఇత్తడి మీద తిరిగితే బెజ్జం అరిగి కోడిగుడ్డులా సాగుతుంది, కెంపు మీద తిరిగితే దశాబ్దాలు గడిచినా చెక్కుచెదరదు. సహజమైన రాళ్లకు బెజ్జాలు వేసి వాడే పద్ధతికి లండన్‌లో 1704లోనే పేటెంటు ఉంది.

నీలం రంగు మరలూ ముళ్లూ ఇంకా ముచ్చటైనవి. అక్కడ నీలం రంగంటూ ఏమీ లేదు. మెరుగుపెట్టిన ఉక్కును నెమ్మదిగా 300 డిగ్రీల దాకా వేడి చేస్తే దాని మీద తుప్పుకు చుట్టమైన ఆక్సైడ్ పొర పలచగా కడుతుంది. పొర మందం పెరిగేకొద్దీ గడ్డి రంగు, గోధుమ, ఊదా, ఆపైన నీలం వస్తాయి. నెమలి పింఛంలో లాగే పొర పైనుంచీ కిందనుంచీ తిరిగొచ్చే వెలుగులు కలిసి చేసే మాయ. ఒక్క క్షణం ఆలస్యమైతే నీలం కూడా వెలిసిపోయి బూడిద రంగుకు దిగుతుంది. చవక వాచీల్లో మటుకు రసాయనంతో పూసిన నీలమే.

హెయిర్‌స్ప్రింగు రంగు ఎవరూ పట్టించుకోరు, నిజానికి అందులో ఒక నోబెల్ బహుమతి దాగి ఉంది. మామూలు ఉక్కు స్ప్రింగు వేడికి మెత్తబడుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే వాచీ రోజుకు సుమారు 10 సెకన్లు వెనకబడుతుంది. సంక్రాంతి పొద్దుటికీ మే నెల బెజవాడ మధ్యాహ్నానికీ పాతిక డిగ్రీల తేడా వేసుకుంటే రోజుకు నాలుగు నిమిషాల పైమాట. స్విట్జర్లాండ్‌లో గడియారాల కుటుంబంలో పుట్టిన శార్ల్ ఎదువార్ గియోమ్ నికెల్ కలిపిన ఉక్కులతో కుస్తీ పట్టి, వేడికి దాదాపు చలించని లోహాలు సాధించాడు. 1920లో భౌతికశాస్త్రం నోబెల్ ఆయనకే ఇచ్చారు.

ఇంత చేసినా, మంచి వాచీ కూడా రోజుకు కొన్ని సెకన్లు తప్పుతుంది. రోజుకు 10 సెకన్ల తప్పంటే 8,640 టిక్కుల్లో ఒకటి. ఇత్తడికీ ఉక్కుకీ అది గొప్ప విద్యే. కానీ 1969 క్రిస్మస్ నాడు టోక్యోలో సీకో కంపెనీ క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీల్లో స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, నెలకు కొన్ని సెకన్లే తప్పు. 1970లో 90,000 దాకా ఉన్న స్విస్ వాచీ కార్మికులు రెండు దశాబ్దాలు తిరక్కుండా 30,000కు పడిపోయారు. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలై, మన పెళ్లికొడుకుల మణికట్లను ఏలిన హెచ్ఎంటీ వాచీల విభాగం 2016లో మూతపడింది.

సమయం చెప్పడంలో ఓడిపోయిన యంత్రానికి చూపించుకోవడం ఒక్కటే మిగిలింది. దాని సూచన కొంచెం ముందే, వింతగా వచ్చింది. 1960లో అమెరికాలో బులోవా కంపెనీ అక్యుట్రాన్ అనే వాచీ తెచ్చింది. అందులో టిక్కు లేదు, సెకనుకు 360 సార్లు కంపించే చిన్న శ్రుతిదండం ఉంది. చెవి దగ్గర పెడితే తుమ్మెద రొద. లోపలి విశేషం జనానికి అర్థం కావడానికి షాపుల్లో డయల్ లేని నమూనాలు పెట్టారు. వచ్చినవాళ్లు డయల్ ఉన్నదాన్ని వదిలేసి, మాకు ఆ నమూనానే కావాలన్నారు. కంపెనీ దాన్ని స్పేస్‌వ్యూ పేరుతో అమ్ముకుంది.

1994లో జెనీవాకు చెందిన ఫ్రెడెరిక్ కాన్‌స్టాంట్ డయల్‌లో కిటికీ తెరిచి, హార్ట్ బీట్ అని పేరు పెట్టింది. చూసేవాడికి, ఇది బ్యాటరీ వాచీ కాదు సుమా అని దూరం నుంచే తెలియాలి, అదీ ఉద్దేశం. కంపెనీ చిన్నది, ఆ ఆలోచనకు పేటెంటు తీసుకోలేదు. ఇప్పుడు ఎవరు చూసినా అదే కిటికీ. బోమార్షే ఉంటే నవ్వుకునేవాడు. 2013లో స్వాచ్ కంపెనీ మరో కొసకు వెళ్లింది: 51 భాగాలు, మధ్యలో ఒకే ఒక మర, మనిషి చెయ్యి పడకుండా యంత్రాలే కూర్చే సిస్టమ్51.

పూర్తి స్కెలిటన్ నాకు అంతగా నచ్చదు. చక్రాల గజిబిజిలో ముళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, టైమెంతయిందని అడిగినవాడు మన మొహం చూస్తూ నిలబడాలి. కిటికీ వాచీ నయం, అయితే అందులోనూ మోసాలున్నాయి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో టూర్బియాన్ అని రాసి ఉన్న వాచీ తెప్పించుకున్నాను. టూర్బియాన్ అంటే బ్రెగే 1801లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు. బ్యాలెన్స్, ప్యాలెట్, ఎస్కేప్ చక్రం అన్నీ ఒక పంజరంలో పెట్టి, ఆ పంజరాన్నే గుండ్రంగా తిప్పుతారు, ఎక్కువగా నిమిషానికి ఒక చుట్టు. వాచీ జేబులో నిలువుగా ఉన్నప్పుడు భూమి లాగుడు వల్ల వచ్చే తప్పులు అన్ని దిక్కులకూ సర్దుకుపోతాయని. నాకు వచ్చినదాంట్లో కిటికీ ఉంది, బ్యాలెన్స్ ఉంది, తిరిగే పంజరం లేదు. మీరు కొనేటప్పుడు ఒక నిమిషం ఓపికగా చూడండి. బ్యాలెన్స్ ఇరుసు ఉన్న బ్రిడ్జి కదలకుండా నిలబడి ఉంటే అది టూర్బియాన్ కాదు.

ఆ వాచీని తిప్పి పంపుదామనుకుని కూడా ఉంచేసుకున్నాను, ఒక ప్రయోగానికి పనికొచ్చింది. ఈ ప్రయోగం మీరూ చేయొచ్చు. ఫోనులో స్లోమోషన్ వీడియో సెకనుకు 240 ఫ్రేములు పెట్టుకుని, వెలుతురులో, ఎస్కేప్ చక్రం కూడా కనిపించే కిటికీకి గురిపెట్టండి. వెనక అద్దపు మూత ఉంటే అటు నుంచి ఇంకా బాగా కనిపిస్తుంది. గంటకు 21,600 టిక్కుల వాచీ అయితే ఒక్కో టిక్కుకు 40 ఫ్రేములు. ఇక ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూడండి. బ్యాలెన్స్ 40 ఫ్రేముల్లోనూ కదులుతూనే ఉంటుంది. ఎస్కేప్ చక్రం మీద దృష్టి పెట్టండి. ఒకటి, రెండు, పది, పదిహేను ఫ్రేములు, పన్ను రాయికి ఆనుకుని బొమ్మలా ఉంటుంది. రెండు మూడు ఫ్రేముల్లో మాత్రం మసకబారి ఒక్క గెంతు గెంతుతుంది. మళ్లీ అలాగే నిలబడిపోతుంది. దానితో పాటు దాని వెనకున్న గేర్లు, సెకన్ల ముల్లు, నిమిషాల ముల్లు, డబ్బాలో పరిగెత్తడానికి కాచుకుని ఉన్న స్ప్రింగు, అన్నీ నిలబడే ఉంటాయి. వంద పాళ్లలో తొంభైకి పైగా ఆ వాచీ ఆగే ఉంది.

నేను ఆ వీడియోను వెనక్కీ ముందుకీ జరుపుతూ చాలాసేపు కూర్చున్నాను. నాన్న జనతా వాచీ సొరుగులో ఉంది. తీసి రెండు చుట్లు కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నాను. మూత తియ్యలేదు.